కిందికి దించిన పాత స్పోర్ట్స్ కారుకి టైరు సైజు ఎలా తేల్చుకోవాలి?

టైర్ల షాపుకి వెళ్లేముందు రెండు గుప్పిళ్ల బంకమట్టి, ఒక సుద్దముక్క, దర్జీల దగ్గరుండే టేపు, నాలుగు బియ్యం బస్తాలు సిద్ధం చేసుకోండి. వెటకారం కాదు. స్ప్రింగులు మార్చి దించేసిన పాత కారుకి ఏ టైరు పడుతుందో కేటలాగులో ఉండదు, షాపువాడికీ తెలీదు. మడ్‌గార్డు కింద చెయ్యి దూర్చి మీరే తేల్చుకోవాలి.

మాది బరంపురం. మా పెదనాన్న కలకత్తాలో ఉద్యోగం చేసే రోజుల్లో కొన్న 1967 ఎంజీబీ ఇప్పుడు నా దగ్గరుంది. రెండు సీట్ల ఓపెన్ బ్రిటిష్ కారు, తీగల చక్రాలు. నాకంటే ముందు నడిపిన అన్నయ్య ముందువైపు పొట్టి స్ప్రింగులు వేయించి, వెనక కమాన్ పట్టీలకీ యాక్సిల్‌కీ మధ్య ఇనప దిమ్మలు పెట్టించి ఓ అంగుళం పైనే దించాడు. చూడ్డానికి బాగుంటుంది, అది మాత్రం కాదనలేను.

పాత టైర్లు అరిగాక షాపులో ఒకటే మాట: "185/70 వేసేయండి బాబూ, ఎత్తు అదే, కాస్త వెడల్పు, రోడ్డు గట్టిగా పట్టుకుంటాది." (185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 70 అంటే ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో.) ఎత్తు నిజంగానే దాదాపు అదే. నాలుగూ వేయించి, ఇంటి ముందు చుట్టూ తిరిగి చూశాను. ఎక్కడా తగల్లేదు. ఆ ఆదివారం దిగపహండి మీదుగా తప్తపాణి బయల్దేరాం. ఘాట్ మలుపుల్లో, అందులోనూ మలుపు మధ్యలో గుంత పడినప్పుడల్లా, వెనక ఎడమ చక్రం దగ్గర పాత చీర చింపినట్టు చప్పుడు. దిగి చూస్తే కొత్త టైరు భుజం మీద, అంటే నేలకి ఆనే ట్రెడ్డూ పక్క గోడా కలిసే అంచు మీద, వేలెడు వెడల్పున గీత, మడ్‌గార్డు లోపలి అంచుకి నల్లటి రబ్బరు పొడి.

మర్నాడు మా మెకానిక్ కారు చుట్టూ ఒకసారి తిరిగి ఒకే ముక్క అన్నాడు. "నిలబెట్టిన బండిని కొలిస్తే ఏటి తెలుస్తాది బాబూ? కూర్చోబెట్టి కొలవాల." కింద రాసిందంతా ఆ మాట పట్టుకుని నేర్చుకున్నదే.

ముందు రిమ్ము వెడల్పు చూడండి

టైరు కొలత కంటే ముందు రిమ్ము కొలత తెలియాలి. చాలా రిమ్ముల మీద "4½ జె", "5 జె" అని వెడల్పు అంగుళాల్లో ముద్ర ఉంటుంది. తుప్పు పట్టి కనపడకపోతే టైరు తీయించి, టైరు అంచు కూర్చునే రెండు గట్ల మధ్య లోపలివైపు కొలవండి. బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిస్తే దాదాపు అంగుళం ఎక్కువ వస్తుంది. ఈ పొరపాటు అనుభవం ఉన్నవాళ్లూ చేస్తారు.

నా 60 తీగల చక్రాలు 4.5 అంగుళాలు. సగం ఆశలు ఇక్కడే రాలిపోతాయి. 14 అంగుళాల టైర్లలో 165/80కి 4 నుంచి 5.5 అంగుళాల రిమ్ము సరిపోతుంది. 175/70, 185/70 సైజులకి కనీసం 4.5 ఉండాలి. 175/65, 185/65, 185/60 లాంటివాటికి 5 అంగుళాలకి తక్కువ పనికిరాదు. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కించినా గాలి పడుతుంది, బండి నడుస్తుంది కూడా. కానీ ట్రెడ్డు మధ్యలో ఉబ్బి, మలుపులో టైరు పక్కకి వాలిపోతుంది. వెడల్పు పెంచింది పట్టు కోసమైతే ఆ పట్టే పోతుంది.

మీది వెడల్పు ఉన్న స్టీలు రిమ్మైతే మీకు నాకంటే ఎక్కువ సైజులు దొరుకుతాయి. పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉన్నవాళ్లది 13 అంగుళాల లెక్క. పాత 5.20-13 (పాత పద్ధతిలో వెడల్పు, రిమ్ము రెండూ అంగుళాల్లో) ఉన్న చోట కొత్త వ్యాగన్ఆర్‌కి వచ్చే 155/80 ఆర్ 13 ఎత్తులో దగ్గరగా సరిపోతుంది. రిమ్ము వెడల్పు మాత్రం చూసుకోవాల్సిందే.

ఎత్తు లెక్క కట్టండి

ఫోన్లో క్యాలిక్యులేటర్ చాలు. రిమ్ము అంగుళాలని 25.4తో గుణించండి. టైరు వెడల్పులో శాతం ఎంతో చూసి, దాన్ని రెట్టింపు చేసి కలపండి. 165/80 ఆర్ 14 తీసుకుంటే: 14 ఇంటూ 25.4 అంటే 355.6. 165లో 80 శాతం 132, దానికి రెట్టింపు 264. మొత్తం 619.6 మి.మీ.

ఇలాగే కడితే 185/70 ఎత్తు 614.6, 175/70 ఎత్తు 600.6, 185/65 ఎత్తు 596.1, ఎతియోస్ ట్యాక్సీలకి ఉండే 175/65 ఎత్తు 583.1. ఇవన్నీ కాగితం మీద లెక్కలు. కంపెనీని బట్టి కొద్ది మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. ఎంజీబీకి మొదట్లో వచ్చిన 5.60-14 టైరు ఎత్తు ఈ 165/80కి దగ్గరగా ఉంటుంది కాబట్టి నేను దాన్నే మూలంగా పెట్టుకున్నాను.

కారు దించినవాళ్లు ఒక విషయంలో తికమకపడతారు. స్ప్రింగు దించితే బాడీ దిగుతుంది, దానితో పాటు సంపు (ఇంజను కింద ఆయిల్ ఉండే తొట్టి), సైలెన్సర్ కూడా దిగుతాయి. వెనక యాక్సిల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చిన్న టైరు వేస్తే యాక్సిల్‌తో సహా అన్నీ దిగుతాయి. 165/80 తీసి 175/65 వేస్తే వ్యాసంలో 36.5 మి.మీ. తేడా, అందులో సగం, అంటే 18 మి.మీ., నేలకి దగ్గరవుతారు. ముందే అంగుళం దించి ఉన్న కారు అది. మన వైపు ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లు ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు పోసుకున్నవి. గొప్ప కోసం ఇంకా దించితే ఊరికొక్కసారి సంపు గీరుకుంటూ పోవాలి.

స్పీడోమీటర్ కూడా అబద్ధం చెబుతుంది. అదే 175/65తో ముల్లు 80 చూపిస్తుంటే మీరు నిజంగా పోయేది 75 మాత్రమే. ఇంజను అదనంగా తిరుగుతుంది. 16వ నంబరు హైవే మీద ఇచ్ఛాపురం దాకా వెళ్లొస్తే ఆ హోరు చెవుల్లో మిగిలిపోతుంది. ఘాట్లో మాత్రం హుషారుగా ఎక్కుతుంది, ఆ సంతోషం ఒక్కటే.

బండిని కూర్చోబెట్టి కొలవండి

ఈ పనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. కొత్త స్ప్రింగులు వేసి నెల కూడా కాకపోతే ఆగండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి అవి ఇంకాస్త దిగాకే కొలవాలి.

మొదట సమతలమైన నేల మీద నాలుగు చక్రాల దగ్గరా, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచుకి ఎంత ఎత్తుందో రాసుకోండి. నాలుగూ అన్నాను. పాత కార్లలో ఎడమ కుడి ఒకలా ఉండవు. చాలా ఎంజీబీల్లో వెనక ఎడమ వైపు సందు కుడివైపు కంటే తక్కువ. నా కారులోనూ అంతే, చప్పుడు వచ్చిందీ అక్కడే. ఒక పక్క కొలిచి రెండో పక్కా అంతే ఉంటుందిలే అనుకుంటే మోసపోతారు.

తర్వాత బియ్యం బస్తాలు. పాతిక కిలోలవి నాలుగు తెచ్చి డిక్కీలోనూ సీట్ల వెనకా సర్దండి. ఇద్దరు మనుషులు సీట్లలో కూర్చోవాలి. గట్టి చెక్కమొద్దులు రెండు తీసుకుని ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి వాటి మీదికి ఎక్కేలా బండిని నెమ్మదిగా తోలండి. ఆ రెండు మూలలా స్ప్రింగులు బాగా నొక్కుకుంటాయి. హ్యాండ్ బ్రేకు వేసి, మిగతా చక్రాలకి అడ్డం పెట్టాకే దగ్గరికి వెళ్లండి. కారు కింద దూరకండి, చెయ్యి మాత్రమే మడ్‌గార్డులోకి పెట్టండి. తర్వాత మొద్దులు మార్చి ముందు కుడి, వెనక ఎడమ చక్రాలు ఎక్కించండి.

ముందు చక్రాల దగ్గర ఇదే స్థితిలో స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పించండి. టైరు వెనక అంచు మడ్‌గార్డు కింది భాగానికి, లోపలి భుజం బాడీకి ఎంత దూరంలో వస్తున్నాయో చూడండి. మొత్తం కదలిక చూద్దామని ఇంట్లో ముందు స్ప్రింగు విప్పే ప్రయత్నం చెయ్యకండి. నొక్కుకుని ఉన్న ఆ స్ప్రింగు ఎగిరి వస్తే ఎముకలు విరుగుతాయి. సరైన పనిముట్లున్న షెడ్డులోనే ఆ పని.

ఇక బంకమట్టి. మడ్‌గార్డు లోపలి అంచు పొడవునా జానెడు దూరానికొకటి చొప్పున నిమ్మకాయంత ముద్దలు అంటించండి. అంచుని ముందు గుడ్డతో తుడవాలి, లేకపోతే మట్టి నిలవదు. టైరు భుజం మీద కాస్త పౌడరు రాస్తే ముద్ద టైరుకి అంటుకుని ఊడిరాదు. ట్రెడ్డుకీ పక్క భాగానికీ మధ్య సుద్దతో అడ్డగీతలు గియ్యండి. బస్తాలతోనే బయల్దేరి, నెమ్మదిగా ఒక పెద్ద స్పీడ్ బ్రేకర్ దాటి, ఖాళీ మైదానంలో రెండు వైపులా గట్టిగా మలుపులు తిరిగి రండి. పక్కకి ఊగేటప్పుడు కమాన్ పట్టీల రబ్బరు బుష్షుల వల్ల యాక్సిల్ కూడా కాస్త పక్కకి జరుగుతుంది. నిలబెట్టి కొలిస్తే ఎప్పటికీ దొరకనిది ఆ జరుగుడే. బుష్షులు పాడైతే అది రెట్టింపవుతుంది, కాబట్టి ముందు బుష్షులు మార్చి తర్వాత టైరు సంగతి చూడండి.

తిరిగొచ్చాక ప్రతి ముద్దలోనూ చీపురు పుల్ల గుచ్చి, బొటనవేలి గోరుతో గుర్తుపట్టుకుని బయటికి తీసి టేపు మీద పెట్టండి. అదే అక్కడ మిగిలిన సందు. నా వెనక ఎడమ అంచు మీద 185/70తో రెండు చోట్ల పుల్ల దిగనే లేదు, ఇనుము తగిలింది. నేను పెట్టుకున్న హద్దు: ఎంత కూర్చున్నా చిటికెన వేలు దూరేంత, అంటే 10 మి.మీ.కి తక్కువ కాకుండా మిగలాలి.

అచ్చు ఎక్కడ పడిందో దాన్నిబట్టి సైజు

మట్టి మీద ట్రెడ్డు గీతల అచ్చు పడితే టైరు ఎత్తు ఎక్కువైనట్టు. వెడల్పు తగ్గించినా లాభం లేదు, ఎత్తు తక్కువున్న సైజు చూడాలి. టైరు భుజం అచ్చు పడి, సుద్ద గీతలు పక్క భాగం వైపు చెరిగిపోయి ఉంటే వెడల్పు ఎక్కువైంది. ఎత్తు తగ్గించడం దానికి మందు కాదు. సుద్ద లోపలివైపు చెరిగితే రిమ్ము లోపలికి ఎక్కువగా కూర్చుంటోందన్న మాట, అది టైరు తప్పు కాకపోవచ్చు. అక్కడ స్పేసర్, అంటే చక్రాన్ని బయటికి జరిపే దిమ్మ, పెడదామంటారు. బోల్టుల మీద పడే భారం పెరుగుతుంది కాబట్టి నేను వాటి జోలికి పోను. తీగల చక్రాలకైతే అసలే వద్దు.

టైరు వెడల్పు 10 మి.మీ. పెరిగితే ఆ పక్క 5, ఈ పక్క 5 పోతాయి. ఎత్తు 19 మి.మీ. తగ్గితే పైన దాదాపు తొమ్మిదిన్నర మిగులుతుంది. 165/80కీ 175/70కీ ఉన్న తేడా ఇదే. పైన ట్రెడ్డు తగులుతున్న కారుకి 175/70 మేలు. నా కారులో భుజం తగిలింది కాబట్టి నేను సన్నగా ఉన్న 165/80కే తిరిగి వచ్చాను. వెడల్పు టైర్ల మోజు నాకూ ఉండేది. సుమారు 950 కిలోల కారుకి, మన రోడ్ల మీద, 165 చాలు. స్టీరింగు తేలిక, వానలో నీళ్లని కోసుకుపోతుంది.

మడ్‌గార్డు అంచు కోసేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా దొరుకుతారు. వద్దు. కేంద్రం 2021లో తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా గుర్తించాలంటే అది మూలరూపంలో ఉండాలి, చాసీకీ బాడీ షెల్‌కీ ఇంజనుకీ పెద్ద మార్పులు చెయ్యకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా కంపెనీ ఇచ్చిన స్వరూపం మార్చనివ్వదు. చట్టం సంగతి అటుంచినా, గోపాల్‌పూర్ సముద్రం గాలి సోకే ఊళ్లలో కోసిన అంచు ఎన్నాళ్లు ఉంటుంది? పెయింటు చిట్లిన చోట రెండు వానాకాలాలు గడిస్తే తుప్పు అప్పడంలా పొంగుతుంది. మట్టి ముద్దలు పెట్టేటప్పుడే ఆ అంచు మడత లోపల గోరుతో గీకి చూడండి. పొరలు రాలితే టైరు కంటే ముందు ఆ పని ఉంది.

కొనేటప్పుడు

ఎంజీబీ వాళ్లకి ఒక మంచి కబురు. 165/80 ఆర్ 14 స్విఫ్ట్, డిజైర్‌లలో తక్కువ ధర మోడళ్లకి వచ్చిన సైజు. బరంపురంలోనే కాదు, పర్లాకిమిడిలోనూ దొరుకుతుంది. విదేశం నుంచి తెప్పించక్కర్లేదు. నిజానికి సైజు ఎంచుకోవడంలో ఇదీ ఒక కొలతే. ఘాట్లో టైరు పగిలితే దగ్గరి ఊళ్లో దొరకాలి కదా.

"165 ఆర్ 14 ఎల్‌టీ" లేదా చివర "సి" అని ఉన్న టైరు చేతిలో పెడితే వద్దనండి. అవి చిన్న లోడు బళ్లవి. పక్కలు గట్టిగా ఉండి, ఈ తేలిక కారు వాటి మీద బంతిలా ఎగురుతుంది. టైరు మీద 85టి అని ఉంటే ఒక్కోటి 515 కిలోలు మోస్తుంది, గంటకి 190 కి.మీ. దాకా తట్టుకుంటుంది. మనకి అంతకంటే అక్కర్లేదు. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగు అంకెలు చూడండి. 2325 అంటే 2025లో 23వ వారంలో తయారైంది. ఇలాంటి కార్లు ఏడాదికి తిరిగేది తక్కువ, టైరు అరగక ముందే ఎండిపోతుంది. కాబట్టి షాపులో మూడేళ్లు పడున్న సరుకు తగ్గింపు ధరకిచ్చినా తీసుకోకండి.

తీగల చక్రాలకి ట్యూబు తప్పనిసరి. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేయిస్తున్నారు కాబట్టి టైరు లోపల అంటించిన కాగితం స్టిక్కరు పీకించండి. లోపలంతా తడిమి చూడండి, ఇసుక రేణువున్నా ట్యూబుని తినేస్తుంది. తీగల కొసలు పొడుచుకుని ఉంటే రాపించి, వాటి మీద కొత్త రబ్బరు పట్టీ వేయించండి. షాపు కుర్రాడు పాత పట్టీనే తిప్పి వేసేస్తాడు. పక్కనే నిలబడండి.

వేసిన తర్వాత

గాలి విషయంలో ఎవరినీ నమ్మకండి. పంపు దగ్గర అలవాటుగా 35 కొట్టేస్తారు. నేను ముందు 26, వెనక 28 పీఎస్‌ఐతో మొదలుపెట్టి, సొంత గేజితో చూసుకుంటాను. ట్రెడ్డు అడ్డంగా సుద్ద పూసి సిమెంటు రోడ్డు మీద కొద్ది దూరం తోలితే, మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. వీల్ అలైన్‌మెంట్ ఈ గాలి సర్దుకున్నాకే చేయించండి. కారు దించితే చక్రాల కోణం మారిపోయి ఉంటుంది, అలైన్‌మెంట్ లేకుండా కొత్త టైరు లోపలి అంచు నెలల్లోనే నున్నగా అయిపోతుంది.

ఒకసారి మళ్లీ మట్టి ముద్దలు అంటించి అదే దారిలో తిరిగి రండి. నేనైతే తప్తపాణి ఘాట్ ఎక్కి దిగాను.

ఆఖరి పరీక్ష ఇంటి ముందే. కారుతో ఉంచుకునే జాకీతోనే, సందు తక్కువున్న ఆ వెనక చక్రం ఊడదీసి, నిండా గాలి ఉన్న స్టెప్నీ ఎక్కించి చూడండి. స్టెప్నీ కూడా అదే సైజై ఉండాలి. 185/70 రోజుల్లో ఛత్రపూర్ దాటాక పంచరైతే, గాలి పోయిన టైరు సులువుగా బయటికి వచ్చింది, గాలి ఉన్న స్టెప్నీ మడ్‌గార్డు కిందికి దూరలేదు. దాని గాలి తీసి, చక్రం ఎక్కించి, కాలి పంపుతో ఎండలో నిలబడి మళ్లీ గాలి కొట్టాను. 165/80 వేశాక మొదటిసారి ఊడదీసినప్పుడు చక్రం ఒక్క చేత్తో బయటికి వచ్చింది.